సమజ్ కాలేదు గానీ చేస్త

మా ట్రైనరమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను ముందుగదిలో చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాను. కాళ్లు రెండూ గాల్లో ఉన్నాయి. ఊపిరి లెక్కపెట్టుకుంటున్నాను. చెవి పక్కనే ఫోను మోగితే పడుకునే స్పీకర్ నొక్కాను.

"మేడం, మన తాతగారు లేరండి. నిన్న మధ్యాహ్నం గుండెనొప్పి వచ్చి పోయారంట. వాళ్లమ్మాయి ఇప్పుడే చెప్పింది."

"ఏ తాత?" అన్నాను. ఏ తాతో నాకు తెలుసు. ఆ అమ్మాయి తాతగారు అని పిలిచేది ఒక్కరినే. అయినా అడిగాను. ఆమె ఇంకేదో చెబుతూనే ఉంది. నాకు మాత్రం కాళ్లు ఇప్పుడే దించాలా, లెక్క పూర్తయ్యాక దించాలా అన్నది తేలలేదు. చావు కబురు వింటూ అలా కాళ్లు లేపి ఉండటం తప్పని తోచింది. లెక్క మధ్యలో ఆపడం కూడా తప్పేనని తోచింది. ఎత్తిన మూటను నడిమిట్ల దించొద్దని ఆయన అంటుండేవాడు. చివరకు లెక్క ముగించి అప్పుడే దించాను. అది మర్యాదో అమర్యాదో ఇవాళ్టికీ తెలియదు.

నేను సూర్యాపేటలో జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మూడేళ్ల కిందట మా వారికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. ఆయన్ని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి మార్చీ మార్చీ నా నడుము పట్టేసింది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, "పిలాటిస్ చేయండి మేడం" అన్నాడు. ముప్పై ఏళ్లు బోర్డు మీద వెన్నెముక బొమ్మ గీసినదాన్నే గానీ ఆ మాట ఎప్పుడూ వినలేదు. మందు పేరనుకుని కింద మెడికల్ షాపులో అడిగాను. అతను రెండు అరలు వెతికి, స్టాకు లేదన్నాడు.

తీరా చూస్తే అది చాప మీద చేసే వ్యాయామం. పొట్ట లోపలికి బిగించి, ఊపిరికి తగ్గట్టు నెమ్మదిగా ఒళ్లు కదిలించాలి. చూసేవాళ్లకు ఏమీ చేయనట్టే ఉంటుంది. చేసేవాళ్లకు పది నిమిషాల్లో చెమట పడుతుంది. కోదాడ నుంచి ఫిజియోథెరపీ చదివిన ఒక అమ్మాయి వారానికి మూడు రోజులు బస్సులో వచ్చి, స్టీలు సామాన్ల షాపు పైన అద్దె గదిలో నేర్పేది. ఆరుగురం చేరాం. అందరం యాభై దాటిన ఆడవాళ్లమే.

రెండో నెలలో ఒక పొద్దున ఆయన వచ్చాడు.

పొట్టి మనిషి, వెడల్పు భుజాలు. ఎడమ భుజం కుడిదానికన్నా కిందికి ఉంటుంది. మెడ వెనక పిడికిలంత కండ గట్టిపడి లేచి ఉంది. మనవడి ట్రాక్ ప్యాంటు వేసుకుని, పొడుగెక్కువై అడుగున నాలుగు మడతలు పెట్టాడు. గది తలుపు ఎంతో ఎత్తున్నా తల వంచి, ఒంటిని పక్కకు తిప్పి లోపలికి వచ్చాడు. ఎప్పుడు చూసినా ఏ గుమ్మంలోనైనా అలాగే దూరేవాడు. వీపు మీద మూట లేదన్న సంగతి ఆయన ఒంటికి ఎవరూ చెప్పలేదు.

మిర్యాలగూడ రైసుమిల్లుల్లో నలభై ఏళ్లు బస్తాలు మోసిన హమాలీ ఆయన. చివరి పదేళ్లు తన ముఠాకు పెద్ద. సొంతూరు మాడుగులపల్లి దగ్గర తండా. మాట్లాడేది తెలుగే గానీ, బరువు మీద పడ్డప్పుడు లెక్క మాత్రం లంబాడీలో సాగేది. ఏక్, ది, తీన్, చార్. పక్కింటి మనిషిని ఎముకల డాక్టరు దగ్గరికి సూర్యాపేట తీసుకొచ్చినప్పుడు, ఆ పక్క మేడలోనే ఉన్న మా గది మెట్ల మీద నిలబడి మా క్లాసు చూశాడట. ఏమనిపించిందో గానీ మర్నాడే వచ్చి పేరు రాయించుకున్నాడు.

ఆ రోజు ట్రైనరమ్మాయిని పక్కకు పిలిచింది నేనే. మిగతా ఐదుగురి తరఫున కూడా, క్లాసులో పిల్లల్ని గద్దించే గొంతుతో చెప్పాను. "మగమనిషి ఉంటే మేమెట్ల చేస్తమమ్మా? కాళ్లు ఎత్తాలె, పొర్లాలె. ఆయననన్న పంపించు, మేమన్న పోతం."

ఆయన గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ అంతా విన్నాడు.

"సక్కగనే అన్నరు. నేను బయట వరండాల చేస్త బిడ్డా. తలుపు జర తెరిచి పెట్టు" అన్నాడు.

కోపం లేదు, వినయం కూడా లేదు. లారీ ఇటు పెట్టకు, అటు పెట్టు అన్నట్టు చెప్పాడు. మూడు వారాలు వరండాలో గోనెపట్టా పరుచుకుని చేశాడు. తలుపు సందులోంచి ఆయనకు కనిపించేది మా అరికాళ్లేనేమో. క్లాసు అయ్యాక ట్రైనరమ్మాయిని ఆపి సందేహాలు అడిగేవాడు.

"బిడ్డా, వెన్నుపూసలు ఒక్కొక్కటే దించుమన్నవ్ గద. నాకు ఒక్కొక్కటి లెవ్వు. అన్ని కలిసి ఒకటే కట్టె."

"ఉంటాయండి తాతగారూ. మెల్లగా విడిపోతాయి. చేస్తూ ఉండండి."

"సమజ్ కాలేదు గానీ చేస్త."

ఆ మాట రోజుకు నాలుగుసార్లు అనేవాడు. ఆయనను అన్నిటికన్నా పరేషాన్ చేసింది ఊపిరి. బరువెత్తే క్షణాన ఊపిరి వదలాలని ఆ అమ్మాయి చెప్పేది. నలభై ఏళ్లు ఊపిరి బిగబట్టి బస్తా ఎత్తిన మనిషి ఆయన. "ఊపిరి ఇడిస్తే మూట కిందవడ్తది గద బిడ్డా" అని నిజంగా ఆందోళన పడేవాడు. మూట ఎక్కడుంది తాతగారూ అంటే, చేతులు చూసుకుని తల గోక్కునేవాడు.

నాలుగో వారంలో ఒకరోజు కోదాడ బస్సు ఆలస్యమైంది. మాకు వచ్చింది కదా అని మేమే మొదలుపెట్టాం. నడుము పైకెత్తి దించుతుండగా నా వెన్నులో ఏదో పట్టేసింది. కదిలితే ప్రాణం పోతోంది. తోటివాళ్లు కంగారుపడి తలో చెయ్యి పట్టుకుని లాగబోయారు.

"గుంజొద్దు" అని గుమ్మంలోంచి వినిపించింది.

ఆయన గడప దాటలేదు. అక్కడే నిలబడి చెప్పాడు. "నేను ముట్టను టీచరమ్మా, చెప్త. ముందుగాల మోకాళ్లు రెండు ఒక్కదిక్కు వాల్చు. తొందర లేదు. ఇప్పుడు భుజం గా దిక్కే రానియ్యి. పక్కకు ఒరిగినవా? గట్లనే ఉండు. చెయ్యి నేలకు ఆనిచ్చి, నేలను నెట్టు. నువ్వు లేవకు. నేలను నెట్టు."

నేలను నెట్టాను. ఎలాగో మోకాళ్ల మీదికి వచ్చాను. తలెత్తి చూస్తే ఆయన ముఖం తిప్పుకుని మెట్ల వైపు చూస్తున్నాడు. పొర్లుతున్న ఆడమనిషిని చూడకూడదని కాబోలు. మరి చూడకుండా అన్నీ అంత సరిగ్గా ఎలా చెప్పాడో నాకు అర్థం కాలేదు.

తరువాతి క్లాసులో నా చాప గోడ వైపు జరిపి, ఆయన పట్టాకు చోటు చూపించాను. తప్పయిందని అనలేదు. అనాలని చాలాసార్లు అనుకున్నాను. ఆయన వచ్చి ఆ చోటులో పడుకున్నాడు. మిగతావాళ్లు తమ చాపలు కొంచెం సర్దుకున్నారు.

ఎందుకు వస్తున్నాడన్నది మా అందరికీ వింతగా ఉండేది. మిర్యాలగూడలో మొదటి బస్సు ఎక్కి, అంత దూరం వచ్చి, గంటసేపు చేసి తిరిగి పోయేవాడు. మీ ఊళ్లోనే నేర్చుకోవచ్చు కదా అంటే, "గాడ మిల్లోళ్లు సూస్తే నవ్వుతరు" అన్నాడు.

"మీకు బలం తక్కువైందా?" అని అడిగాను ఒకసారి.

"బలమున్నది. నా మాట ఇనది" అన్నాడు.

ట్రైనరమ్మాయి అడిగితే, కాలిగోళ్లు తీసుకోవడానికి వంగలేకపోతున్నానని చెప్పాడట. కూతురు తీస్తుంటే సిగ్గుగా ఉందట. మా వారితో ఇంకోటి చెప్పాడు. అది చెప్పాలంటే ఆయన మా ఇంటికి వచ్చిన రోజు గురించి చెప్పాలి.

నేను పిలిస్తే వచ్చింది కాదు, ఆయన తానే వస్తానన్నాడు. నడుము ఎలా పట్టేసిందో ఒకరోజు మాటల్లో చెప్పాను. "సారును ఎట్ల లేపుతున్నవో నాకు జర సూపియ్యాలె" అన్నాడు. క్లాసు అయ్యాక నా వెంట వచ్చాడు. మా గుమ్మంలోనూ తల వంచి, పక్కకు తిరిగే దూరాడు.

మా వారు హైస్కూల్ హెడ్మాస్టరుగా చేసిన మనిషి. జబ్బు పడ్డాక బంధువులు వచ్చినా ముఖం గోడకు తిప్పుకునేవారు. మాట ముద్దగా వస్తుందని మాట్లాడటమే తగ్గించారు. బస్తాల మనిషి వచ్చి తనను ఎత్తుతాడంటే ఆయన ముఖం ఎలా అయ్యిందో నేను చూశాను. వద్దన్నట్టు ఎడమ చెయ్యి ఊపారు. నేను మధ్యలో ఇరుక్కున్నాను. వచ్చినాయన్ని పొమ్మనలేను, ఈయన్ని ఒప్పించలేను.

పెద్దాయన మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. "సారూ, నేను బస్తాలు మోసినోన్ని. మనిషిని ఎన్నడు మొయ్యలే. నాకు రాదు. టీచరమ్మ ఎట్ల చేస్తదో సూద్దామని వచ్చిన" అన్నాడు.

నేను రోజూ చేసినట్టే చేశాను. మంచానికి దూరంగా నిలబడి, నడుము వంచి, చంకల కింద చేతులు పెట్టి లాగాను. ఆయన చూసి తల అడ్డంగా ఊపాడు.

"బరువును దూరంకెల్లి గుంజితే నడుము ఖతం. దగ్గరికి తీసుకోవాలె. ఎదకు ఆనాలె. తిరిగేటప్పుడు నడుము మెలివడొద్దు, పాదాలు తిరగాలె."

కుర్చీని సారుకు బలమున్న ఎడమపక్కన, మంచానికి ఆనించి పెట్టించాడు. తన తువ్వాలు తీసి ఆయన నడుముకు చుట్టి ముడి వేశాడు, పట్టు కోసం. బలం లేని మోకాలికి తన మోకాలు అడ్డం పెట్టాడు. మొదటిసారి అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టి ఒక్క ఊపున ఎత్తాడు. మా వారు మూలిగారు. మళ్లీ కూర్చోబెట్టేశాడు. నా వైపు చూశాడు.

"ఇడవాల్నా ఊపిరి?"

"మా ట్రైనరమ్మాయి అయితే ఇడవమంటది" అన్నాను. నాకూ గ్యారంటీ లేదు.

"సారూ, నా మెడ పట్టుకో. నేను తీన్ అన్నప్పుడు ఇద్దరం ఊపిరి ఇడుద్దం. ఏక్. ది."

తీన్ అనగానే ఇద్దరి నోళ్ల నుంచీ ఉఫ్‌మని గాలి వచ్చింది. మా వారు లేచి నిలబడ్డారు. ఆయన ఎడమ చెయ్యి పెద్దాయన మెడ వెనక ఆ కండ మీద ఉంది. రెండేళ్లుగా ఆయన్ని పడుకునో కూర్చునో చూస్తున్నాను. అంత పొడుగు మనిషన్న సంగతి మరిచిపోయాను. పెద్దాయన తన చేతుల వైపు చూసుకున్నాడు.

"గింత అల్కగ ఎట్ల లేసిండు? నేను లేపలే టీచరమ్మా. సారే లేసిండు."

అది నిజమో, మా వారి మర్యాద కోసం అన్నదో నాకు తెలియలేదు. ముఖం చూస్తే మాత్రం నిజంగానే అయోమయంగా ఉంది. మా వారు కుర్చీలో కూర్చున్నాక, చాలా రోజుల తరువాత కొత్త మనిషితో మాట్లాడారు. ముద్దముద్దగా, "నువ్వెందుకు నేర్చుకుంటున్నవ్?" అని అడిగారు.

"పండుకునుడు నేర్చుకుంటున్న సారూ. గీ మెడమీది కండతోని రాత్రిపూట వెల్లకిల పండుకోక ముప్పై ఏండ్లాయె. కప్పు సూసుకుంట నిద్రవోవాలని ఉన్నది."

ఆయన వెళ్లాక మా వారు, మళ్లీ ఎప్పుడొస్తాడని రెండుసార్లు అడిగారు. తరువాత నెలలో నాలుగైదు సార్లు వచ్చాడు. టీ తాగి, వాళ్లిద్దరూ పెద్దగా ఏమీ మాట్లాడకుండా కూర్చునేవారు. నాకు ఎత్తడం పూర్తిగా వచ్చేదాకా వచ్చాడు.

క్లాసులో ఆయనకు రానిది ఒకటి ఉండేది. వెల్లకిలా పడుకుని, చేతులు ఆనించకుండా, వీపును కొద్దికొద్దిగా లేపుతూ కూర్చోవాలి. మాలో ముగ్గురికి వచ్చింది. ఆయనకు పది నెలలైనా రాలేదు. సగం లేచి దబ్బున పడేవాడు. ఒక పొద్దున వచ్చేసింది. ఏ హడావిడీ లేకుండా లేచి కూర్చున్నాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. ట్రైనరమ్మాయి కళ్లు తుడుచుకుంది. ఆయన మాత్రం కాళ్లు చాపుకుని కూర్చుని, మా అందరి ముఖాలూ చూశాడు.

"అయిపాయెనా? ఇప్పుడేం జెయ్యాలె?"

మళ్లీ పడుకోండి తాతగారూ అంది ఆ అమ్మాయి. సరేనని పడుకున్నాడు. ఆ తరువాత రెండు నెలలే వచ్చాడు.

దినం రోజు నేను ఒక్కదాన్నే మిర్యాలగూడ వెళ్లాను. మా వారి దగ్గర ట్రైనరమ్మాయి కూర్చుంది. బస్సు దిగి ఆటో మాట్లాడుకున్నాక గానీ, ఆయన పేరు నాకు సరిగా తెలియదని గుర్తు రాలేదు. పెద్దాయన, తాతగారు. అంతే. "హమాలీల పెద్ద... పొద్దుగాల సూర్యాపేట బస్సుకు పోతుండె" అని ఆటో అతనికి చెప్పాను. అతను ఒకటికి రెండుసార్లు అడుగుతూ మిల్లుల వెనక సందుల్లో తిప్పాడు. తౌడు వాసన, లారీల దుమ్ము. ఒక షామియానా ముందు ఫ్లెక్సీ మీద ఆయన ఫొటో కనిపించింది. కింద పేరు చదివాను. అది ఇంకెవరి పేరోలా ఉంది. అందుకే ఇక్కడ రాయడం లేదు.

కూతురు అంగన్‌వాడీ టీచరు. ముఖం ఆయనదే. నా చేతులు పట్టుకుని కూర్చోబెట్టింది.

"మీరేనా టీచరమ్మ? బాపు మీ సారు ముచ్చట చెప్తుండె. గానీ గాడ ఏం నేర్చుకునేటోడో మాకెవ్వలికి తెల్వది. పైలెట్ నేర్చుకుంటున్న అన్నడు. ఈ వయసుల ఇమానం నడుపుతవా బాపూ అంటే నవ్విండు. ఇంట్ల చేసేటప్పుడు తలుపు పెట్టుకునేటోడు."

గోళ్ల సంగతి అడిగాను. "రెండు నెలల సంది నన్ను తియ్యనియ్యలే. నేనే తీసుకుంటున్న అన్నడు. ఎన్నడు సూడలే నేను" అంది. తరువాత, "నాకేం బాధ లేకుండె, తీస్తుంటి" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు పక్కనున్న ముసలాయన గొంతు సవరించుకున్నాడు. ఆయనా హమాలీయే. మెడ వెనక అదే కండ.

"గోర్లు గాదు, గీర్లు గాదు. మా ముఠాల ఒకడు సచ్చిపోతే పాడె మీద సక్కగ పండుకోలేదమ్మా. విల్లులెక్క వంగి ఉండె. కాళ్లు ఒత్తితే తల లేస్తది, తల ఒత్తితే కాళ్లు లేస్తయి. చిన్న పోరగాండ్లు నవ్విండ్రు. గా దినమే వీడు నాతోని అన్నడు, నేనైతే గిట్ల పోనురా అని."

"మరి?" అన్నాను.

"సాఫ్‌గ పండుకున్నడు" అంది కూతురు.

"ఏడ సాఫ్‌గ? ఎడమ భుజం జర లేసే ఉండె" అన్నాడు ఆయన.

"లేదు కాకా. నేను స్నానం పోసిన, నాకు తెల్వదా?"

ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. గోళ్లు, నిద్ర, పాడె. ముగ్గురికి మూడు చెప్పాడు. మూడూ నిజమే కావచ్చు. ఒక్కటీ కాకపోవచ్చు. పొద్దున బస్సులో వస్తూ నేను ఇంకోటి అనుకున్నాను. ఎవరికీ అక్కరలేని పని ఒకటి ఊరికే నేర్చుకుని చూడాలనిపించిందేమోనని. అది మాత్రం వాళ్లతో అనలేదు.

"అసలు ఏం చేసేటోడమ్మా ఆడ?" అని ముసలాయన సూటిగా అడిగాడు.

చెప్పడానికి ప్రయత్నించాను. ఊపిరి అన్నాను, పొట్ట కండరాలు అన్నాను, వెన్నుపూసలు అన్నాను. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నోటికి ఒక్క వాక్యం సరిగ్గా రాలేదు. వాళ్లు మర్యాదగా వింటున్నారు. ఒక్క ముక్క అర్థం కాలేదని తెలిసిపోతూనే ఉంది.

ఒక బంతి భోజనాలు అప్పుడే ముగిశాయి. ఆకులు తీసి టార్పాలిన్ తుడిచారు. నేను చీర కుచ్చిళ్లు సర్దుకుని, అందరూ చూస్తుండగా దాని మీద వెల్లకిలా పడుకున్నాను. ఎందుకు చేశానంటే ఇప్పటికీ చెప్పలేను. మోకాళ్లు ముడిచాను. నడుము మెల్లగా పైకెత్తి, కింద నుంచి ఒక్కొక్క పూసా నేలకు ఆనేలా దించాను. షామియానా గుడ్డ తప్ప నాకేమీ కనిపించడం లేదు. ఎవరూ నవ్వలేదు.

"గింతేనా?" అన్నాడు ముసలాయన నా తల దగ్గర నిలబడి.

"గింతే."

"దీనికోసం మొదటి బస్సుకు వోయెటోడా?"

"వారానికి మూడు రోజులు."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి మడతపెట్టి మెడ కింద పెట్టుకుని, నాకు బారెడు దూరంలో తానూ పడుకున్నాడు. మోకాళ్లు టపటపమన్నాయి. నడుము ఎత్తడానికి చూశాడు. లేవలేదు. ఇంకోసారి చూశాడు.

"లేస్తలేదు" అన్నాడు.

"మొదట్ల ఎవ్వరికీ లేవదు" అన్నాను.

మజ్జిగ బకెట్టుతో వచ్చిన కూతురు మమ్మల్ని చూసి ఆగింది. లేవమంటుందేమోనని చూశాను. అనలేదు. బకెట్టు కింద పెట్టి, వడ్డిస్తున్నవాళ్లకు చెయ్యి చూపింది, తరువాతి బంతికి ఆకులు అప్పుడే వెయ్యొద్దని.